పన్నెండు టెస్టర్లు, ఒక కొసరు

మలక్‌పేటలో మా పిన్ని వాళ్లింట్లో ఆదివారం పొద్దున జరిగిందిది. నా రెండో పెసరట్టుకి మొదలై ఆరో అట్టుకి తేలింది. బాబాయి రిటైరయ్యాక యాప్‌లు రాయడం నేర్చుకున్నాడు. న్యాయంగా నేను ఎవరి పక్షమూ కాదు. కానీ అట్లు వేస్తున్నది పిన్ని.

బాబాయి: ఏమిటివి?

పిన్ని: టెస్టర్లు. లెక్కపెట్టుకోండి. పన్నెండూ, పైన ఒకటి కొసరు.

బాబాయి: స్క్రూడ్రైవర్లు!

పిన్ని: కాదు, కరెంటు చూసేవి. ప్లగ్గులో పెడితే బుల్లి లైటు వెలుగుతుంది. నిన్న ఫోన్లో మీరే కదండీ గోల పెట్టారు, "పన్నెండు టెస్టర్లు లేక యాప్ ఆగిపోయింది, ఎక్కడ దొరుకుతాయో" అని. జాకెట్టు గుడ్డల కోసం కోఠీ వెళ్లినదాన్ని, అవి వదిలేసి ట్రూప్ బజార్ దాకా నడిచాను.

బాబాయి: "దొరుకుతాయో" అనలేదు. "దొరుకుతారో" అన్నాను. మనుషులు!

పిన్ని: కోఠీ చౌరస్తాలో నిలబడి "యో"కీ "రో"కీ తేడా పట్టే చెవులు నాకు లేవు. అయినా మీ నోట్లో మనుషులకీ వస్తువులకీ తేడా ఎప్పుడుంది? లాప్‌టాప్‌నేమో "వాడు వేడెక్కాడు, కాసేపు పడుకోనీ" అంటారు. మా తమ్ముణ్ణేమో "అది వచ్చిందా" అంటారు.

బాబాయి: (నా వైపు తిరిగి) నువ్వు వినరా. కొత్తగా సొంత పేరుతో ఖాతా తెరిచినవాడు ప్లే స్టోర్‌లో యాప్ పెట్టాలంటే, ముందు 12 మంది దాన్ని ఫోన్లలో వేసుకుని 14 రోజులు ఏకబిగిన టెస్టింగులో ఉండాలి.

పిన్ని: ఆ 14 రోజుల సంగతీ అడిగాను. షాపతను "14 రోజులేంటమ్మా, 14 ఏళ్లు పనిచేస్తాయి" అన్నాడు. రాములవారు అడవికి పట్టుకెళ్లి మళ్లీ భద్రంగా తెచ్చుకోవచ్చు.

బాబాయి: 2023 నవంబర్లో ఈ రూలు పెట్టినప్పుడు 20 మంది కావాలన్నారు. 2024 డిసెంబర్లో 12కి తగ్గించారు. అదీ నా అదృష్టం.

పిన్ని: ఇరవై నుంచి పన్నెండుకి దిగినవాళ్లు ఆరుకి దిగరా? మీరు అడిగుండరు. యాభై చెప్పిన టెస్టర్ని నేను ముప్పైకి దింపాను. మీరేమో 25 డాలర్లు కిమ్మనకుండా కట్టి వచ్చారు.

బాబాయి: అది ఖాతా తెరిచే ఫీజే! జన్మకి ఒక్కసారి కడితే చాలు.

పిన్ని: జన్మకి ఒక్కసారే కదా అని ఒప్పుకున్నవాటితోనే నాకు రోజూ పని పడుతోంది.

(ఇక్కడ బాబాయి చట్నీ అడిగాడు. పిన్ని నాకు వేసింది.)

నేను: ఇంతకీ యాప్ ఏం చేస్తుంది బాబాయ్?

బాబాయి: నల్లా యాప్ రా. మనకి నీళ్లు రోజు విడిచి రోజు కదా. నల్లా వచ్చే వేళకి పది నిమిషాల ముందు మోగుతుంది.

పిన్ని: మొన్న నల్లా వచ్చి, సంపు నిండి, నీళ్లు బందయ్యాక మోగింది. గుడిగంట అనుకుని నేను దణ్ణం కూడా పెట్టుకున్నాను.

బాబాయి: అది డోజ్! 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది. ఛార్జింగ్‌కి పెట్టకుండా, తెర ఆర్పేసి, కదపకుండా ఓ పక్కన పడేస్తే ఫోన్ నిద్రలోకి జారుకుంటుంది. అది మళ్లీ ఓసారి కళ్లు తెరిచేదాకా మామూలు అలారాలు ఆగిపోతాయి. తప్పు నాదేలే. నిద్రలోనూ మోగే రకం అలారం వాడాల్సింది. ఇప్పుడు మార్చేశాను.

పిన్ని: కదపకుండా పడేస్తే నిద్రలోకి జారుకోవడం, చెప్పిన పని లేచినప్పుడు చేయడం. అది నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. దానికి డోజ్ అని పేరుందని ఇవాళే విన్నాను.

బాబాయి: నువ్వు వెటకారం చేస్తూనే ఉండు. అక్కడ నాకు దొరికింది ముగ్గురే. అందులో ఒకడు రెండో రోజే యాప్ పీకేశాడు, మనవరాలి ఫోటోలకి చోటు చాలడం లేదట. సొరుగులో నాలుగు పాత ఫోన్లున్నాయి గానీ, మనుషులు లేనిదే అవెందుకు?

(నాలుగో అట్టు మాడింది. పిన్ని ఆలోచిస్తోందని అర్థం.)

పిన్ని: శుక్రవారం లలితా పారాయణానికి మనింటికి ఎంతమంది వస్తారు?

బాబాయి: నాకేం తెలుసు?

పిన్ని: గుమ్మంలో చెప్పులు లెక్కపెట్టి విసుక్కునేది మీరేగా.

బాబాయి: ...పన్నెండు జతలు.

పిన్ని: వాళ్లందరికీ నల్లా బాధ ఉన్నదే. ఈసారి తాంబూలంలో జాకెట్టు గుడ్డ లేదు, మీ పుణ్యమా అని కోఠీలోనే ఉండిపోయింది. ఆకు, వక్క, అరటిపండు, టెస్టరు.

బాబాయి: టెస్టర్లకి టెస్టర్లు ఇస్తావా?

పిన్ని: యాప్ వేసుకున్నాకే. "ఇస్తినమ్మ వాయనం" అంటాను. "పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నాక పీకేసే ధైర్యం ఈ కాలనీలో ఎవరికుందో చూస్తాను.

బాబాయి: 14 రోజులూ?

పిన్ని: షాపతను 14 ఏళ్లన్నాడు. నేను రోజులకే ఒప్పుకుంటున్నాను.

(బాబాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పదమూడో టెస్టర్ చేతిలోకి తీసుకున్నాడు.)

బాబాయి: మరి ఇదెవరికి?

పిన్ని: మీకే. మొన్న స్విచ్చుబోర్డు వేలు పెట్టి చూసి, ఎగిరి మంచమ్మీద పడ్డారు. రాత్రంతా నాకు నిద్ర లేదు. జేబులో పెట్టుకు తిరగండి.

బాబాయి: ఊళ్లోవాళ్లకి అసలు, మొగుడికి కొసరా?

పిన్ని: నేను బేరమాడకుండా తెచ్చుకున్నది మిమ్మల్నొక్కర్నే.

బాబాయి: ఆడాల్సింది. అప్పుడు తెలిసేది నా విలువ.

పిన్ని: తగ్గిస్తారని తెలుసు. కొసరుగా ఇంకొకర్ని అంటగడతారేమోనని ఊరుకున్నాను.