అది బెలూనే, దిద్దకండి

మా మనవరాలికి తొమ్మిదో నెలలో అట్టపుస్తకంలోని మామిడిపండు చూపిస్తే, గోళ్లతో గీకి తీసుకోవాలని చూసింది. రాలేదు. దాంతో పుస్తకాన్నే నోట్లో పెట్టుకుంది. "తాత పోలికే, తిండిపోతు" అంది మా ఆవిడ.

ఆ వయసులో అది మామూలే. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త జూడీ డెలోష్ బృందం 1998లో ప్రచురించిన పరిశోధనలో 9 నెలల పిల్లలు ఫోటోలోని వస్తువుల్ని ఇలాగే పట్టుకోబోయారు. ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ పిల్లలూ అంతే. 19 నెలల వాళ్లు మాత్రం పట్టుకోబోవడం తగ్గించి, వేలు పెట్టి చూపించారు. చూపించడమంటే పక్కన చూసే మనిషి ఒకరు కావాలి కదా.

మనకు పుస్తకంలో ఉండేదీ బొమ్మే, ఆడుకునేదీ బొమ్మే. పసివాళ్లకు అవి రెండూ ఒకటి కావు. డెలోష్ అంతకుముందే, 1987లో, ఒక గదికి చిన్న నమూనా చేసి, అందులో బుల్లి కుక్కపిల్ల బొమ్మను దాచి చూపించారు. అలాంటిదే పెద్ద బొమ్మ అసలు గదిలో అదే చోట ఉందన్నారు. మూడేళ్ల వాళ్లు నేరుగా వెళ్లి తీశారు. రెండున్నరేళ్ల వాళ్లు చాలావరకు తడుముకున్నారు. అదే చోటును ఫోటోలో చూపిస్తే మాత్రం ఆ వయసు వాళ్లూ కనిపెట్టారు. ముచ్చటైన బుల్లి గది వాళ్లకు ఆటవస్తువే తప్ప, ఇంకో గది సంగతి చెప్పే కబురు కాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన కమిటీ జరిపే ఉగాది సంబరాల్లో ఐదేళ్లలోపు వాళ్లకు పెట్టే బొమ్మలు గీసే పోటీ గురించి. నేను రెండేళ్లు జడ్జీగా కూర్చున్నాను. పిల్లల చేతి మీద అమ్మ చెయ్యి, వెనకాల నాన్న టెన్షన్. "కోడికి నాలుగు కాళ్లేంట్రా?" బహుమతులన్నీ దాదాపు పెద్దల గీతలకే వెళ్లాయి. తెలిసే ఇచ్చాం, తప్పు నాదీనూ.

పాల్ బ్లూమ్, లోరీ మార్క్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మూడు నాలుగేళ్ల పిల్లల చేత ఒక బెలూన్, ఒక లాలీపాప్ గీయించారు. రెండూ సున్నా కింద ఒక గీతే. కాసేపయ్యాక ఏది ఏమిటని అడిగితే, గీసేటప్పుడు ఏమనుకున్నారో ఆ పేర్లే చెప్పారు. పోలిక ఊసే లేదు. గీసినవాళ్ల మనసులో ఏముందో అదే బొమ్మ అని వాళ్లకు అప్పటికే తెలుసు. మనమేమో పోలికకు మార్కులు వేస్తున్నాం.

ఆ పోటీ తీసేద్దాం. చాపలు పరిచి, ఒక్కో బిడ్డ పక్కన ఒక తాతయ్యనో అమ్మమ్మనో కూర్చోబెడదాం. గీసింది ఏమిటో బిడ్డ చేతే చెప్పించి, అన్నది అన్నట్టు కాగితం కింద తెలుగులో రాద్దాం. మధ్యలో ఇంగ్లీషు ముక్కలు దొర్లినా పర్వాలేదు. ట్రోఫీల డబ్బుతో క్రేయాన్లు కొందాం.

వచ్చే కమిటీ మీటింగ్‌లో ఈ మాట పెడతాను. కాదనేవాళ్లు ముందు ఒక బెలూన్, ఒక లాలీపాప్ గీసుకుని రండి.