క్రోన్స్‌లో ఆపరేషన్‌ది ఆఖరి వరుసేనా?

“మందులు పనిచేయకపోతే చివరికి ఆపరేషనే.” పేగుల్లో ఏళ్ల తరబడి వాపు ఉండే క్రోన్స్ వ్యాధి ఉన్నవాళ్లు తరచూ వినే మాట ఇది. ఆ ‘చివరికి’ దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. పేగు కోయించుకోవడమంటే ఓడిపోవడమే అనుకుని ఎంతోమంది ఏళ్ల తరబడి స్టెరాయిడ్లతో నెట్టుకొస్తారు. ఆ వరుస అందరికీ సరైంది కాదని నా అభిప్రాయం.

నెదర్లాండ్స్, బ్రిటన్‌లలోని 29 ఆస్పత్రులు కలిసి 143 మందితో ‘లిరిక్’ అనే అధ్యయనం చేశాయి. వీళ్లందరికీ చిన్నపేగు చివర 40 సెంటీమీటర్ల లోపే వాపు ఉంది, అది మామూలు మందులకు లొంగలేదు. లాటరీ తీసినట్టు విడదీసి సగం మందికి రోగనిరోధక శక్తిని అణిచి వాపు తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, మిగతావాళ్లకు లాపరోస్కోపీతో ఆ ముక్క తీసేశారు. ఏడాది తర్వాత చూస్తే జీవన నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2017లో తేలింది. అసలు సంగతి 2020లో బయటికొచ్చింది. సుమారు ఐదేళ్లలో ఇంజెక్షన్ల వాళ్లలో 48 శాతం మందికి ఎలాగూ ఆపరేషన్ అవసరమైంది. ముందే చేయించుకున్నవాళ్లలో ఒక్కరికీ రెండోసారి పేగు తీయాల్సి రాలేదు. వాళ్లలో 26 శాతం మందికి తర్వాత ఆ తరహా ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

పొట్ట నిలువునా కోసే రోజుల్లో వాయిదా వేయడంలో అర్థముంది. ఇప్పుడు చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు పంపి, చెడిన భాగాన్ని బొడ్డు దగ్గరి చిన్న కోతలోంచి బయటికి తీసి, మిగిలిన రెండు కొసలూ కలుపుతారు. నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా వెళ్లొచ్చు. లోపల పేగులు ఒకదానికొకటి అంటుకుపోవడం తక్కువగా ఉండటం మరో లాభం. చాలామందిలో ఈ జబ్బు యవ్వనంలోనే మొదలవుతుంది, కొందరికి ముందుముందు ఇంకో ఆపరేషన్ కావాల్సి రావచ్చు. అందుకే ఆ లాభం చిన్నది కాదు.

అలాగని ఆపరేషన్‌తో క్రోన్స్ పోదు. కలిపిన చోటే మళ్లీ రావచ్చు. 6 నుంచి 12 నెలల్లో కొలనోస్కోపీ (పేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) చేయించుకోవాలి, సిగరెట్ పూర్తిగా మానేయాలి. పేగు అంతటా జబ్బు పాకినవాళ్లకు ఈ అధ్యయనం వర్తించదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆలస్యం. చీముగడ్డ కట్టి, ఫిస్టులా (పేగు నుంచి పక్క అవయవానికో చర్మానికో పడే దారి) ఏర్పడి, ఒళ్లు చిక్కి, స్టెరాయిడ్ల మీద ఉన్న స్థితిలో టేబుల్ ఎక్కితే కుట్లు లీకయ్యే ముప్పు పెరుగుతుంది. చిన్న రంధ్రాలతో మొదలైంది పెద్ద కోతగా మారొచ్చు, కొన్నాళ్లు పొట్ట మీద మలం పట్టే స్టోమా సంచీ కూడా తప్పకపోవచ్చు. వాయిదా వేసి వేసి చేయించుకున్న ఆపరేషన్‌ను చూసే జనం భయపడుతున్నారు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. పేగు టీబీ కూడా ఎక్కువగా అదే చోట వస్తుంది, అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. పైగా ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపగలదు కాబట్టి ముందు ఆ పరీక్షలు తప్పనిసరి. ఇక్కడి రోగికి ఇంజెక్షన్ అంత తేలికైన దారి కాదు. టీబీ కాదని తేలి, జబ్బు ఆ చిన్న ముక్కకే పరిమితమైందని స్కాన్‌లో తెలిసిన రోజే గ్యాస్ట్రో డాక్టర్‌తో పాటు సర్జన్ కూడా రోగితో మాట్లాడాలి.