తొక్కేవాడు లేని సైకిలు

బడి సైన్సు ప్రదర్శనల్లో పెట్టే, తొక్కితే కరెంటు పుట్టించే సైకిలు కాగితం మీద ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉంటుంది. వెనక చక్రాన్ని స్టాండు మీదికి ఎత్తాలి. 24 వోల్టుల, 250 వాట్ల డీసీ మోటారు షాఫ్టుకి 5 సెంటీమీటర్ల రోలర్ తొడిగి టైరుకి ఆనించాలి; చక్రం తిప్పితే మోటారే జనరేటరై కరెంటు ఇస్తుంది. టైరు నున్నగా ఉండాలి, గాలి గట్టిగా కొట్టాలి. గళ్ల టైరు పెట్టారో, ఆ రొదలో సారు వివరణ ఎవరికీ వినబడదు (కొన్నిసార్లు అదీ మంచికే). ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు, పెడలు నిమిషానికి 60 చుట్లు: మోటారు 1,900 చుట్ల దాకా తిరిగి 17 వోల్టులు ఇస్తుంది.

బోర్డు మీద 12 వోల్టుల, 5 వాట్ల ఎల్‌ఈడీలు పది, పక్కన 50 వాట్ల హాలోజెన్ ఒకటి. ఈ బల్బుల లోడు పడగానే ఆ 17 కాస్తా 13 దగ్గరికి దిగుతుంది. ఎల్‌ఈడీల ప్రాణం ఆ దిగడంలోనే ఉంది.

ప్రదర్శన రోజున ఎల్‌ఈడీలన్నీ వెలిగాయి. హాలోజెన్ వేయగానే పెడలు బిగుసుకుపోయి, కుర్రాడు సీటు మీంచి లేచి నిలబడి తొక్కాడు. పెద్దవాళ్లకే 100 వాట్లు ఎక్కువసేపు ఇవ్వడం కష్టం, వాడు ఎనిమిదో తరగతి. జాలిపడ్డ సారు చెప్పాపెట్టకుండా హాలోజెన్ ఆర్పేశారు. బరువు తీరిన కాళ్లు గిర్రున తిరిగాయి, వోల్టేజీ పాతిక దాటింది. మొదటి ఎల్‌ఈడీ టప్పుమంది. దాంతో లోడు ఇంకా తగ్గి, వోల్టేజీ ఇంకా పెరిగి, మిగతావి వరసగా దాని వెంటే వెళ్లాయి. చప్పట్లు మోగాయి, బాణసంచా కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని!

మందు అందరికీ తెలిసిందే: 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే వోల్టేజీ అదుపులో ఉంటుంది. తగిలించారు. మోటారుకీ బ్యాటరీకీ మధ్య ఉండాల్సిన 10 ఆంపియర్ల డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) మాత్రం డబ్బాలోనే ఉండిపోయింది. కుర్రాడు మంచినీళ్లకి దిగాడు. ఫ్రీవీల్ పుణ్యమా అని పెడళ్లు కదలకుండా, చక్రం మాత్రం దర్జాగా తిరుగుతూనే ఉంది. బ్యాటరీయే మోటారుని నడిపిస్తోంది మరి.

"తొక్కకుండానే కరెంటా!" అని ముఖ్య అతిథి సైకిలు పక్కన నిలబడి ఫొటో దిగారు. అంతలో ఎవరో డయోడ్ వెతికి బిగించారు. చక్రం ఆగింది.

"అయ్యో, పాడైపోయిందే. ఇందాకటి మోడలే బాగుందండీ" అన్నారాయన.