పక్కన కూర్చుని చెప్పే లెక్క

ఏ బడికైనా వెళ్లి ఆరో తరగతి, ఏడో తరగతి లెక్కల నోటుబుక్కులు నాలుగు తిరగేయండి. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాసినవాళ్లు ఒకరిద్దరైనా దొరుకుతారు. పక్కన ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కు ఉంటుంది. టీచరును తప్పుపట్టలేం, నలభై పుస్తకాలు దిద్దాలి మరి. కానీ ఈ 35 ఎలా వచ్చిందని పిల్లాడి పక్కన కూర్చుని అడిగితే వాడే చెప్పేస్తాడు: రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచి రెండు తీశాను అని. అంటే తీసివేత మొత్తం రాక కాదు, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం అనే ఒక్క ముక్క రెండు మూడు తరగతుల్లోనే ఎక్కడో జారిపోయింది. అది తెలుసుకోవడానికి పట్టేది ఐదు నిమిషాలే. తెలుసుకోకుండా వదిలేస్తే మాత్రం దశాంశాలు, భాగహారం, బీజగణితం అన్నీ ఆ గుంత మీదే కడుతూ పోతాం, పదో తరగతికి వచ్చాక 'మావాడికి లెక్కలు రావండీ' అని తేల్చేస్తాం.

పల్లెల్లో పిల్లల చదువు ఏ స్థాయిలో ఉందో చూసే అసర్ 2024 సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు వందకు 31 మందే. మిగతావాళ్లంతా మొద్దులంటే మేం ఒప్పుకోం.

ఒక్కొక్కరికీ విడిగా చెబితే ఎంత తేడా వస్తుందన్నది పాత ప్రశ్నే. విడిగా చెప్పించుకున్న సగటు విద్యార్థి మామూలు క్లాసులోని 98 శాతం మంది కంటే ముందుంటాడని అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో రాశారు. తర్వాతి పరిశోధనల్లో అంత పెద్ద తేడా కనిపించలేదు, అయినా మేలు జరుగుతుందన్న మాట మాత్రం నిలబడింది. కోవిడ్ రోజుల్లో ఆఫ్రికా దేశం బోట్స్వానాలో పిల్లలకు వారానికో ఫోన్ కాల్, ఇరవై నిమిషాల లెక్కల పాఠం, దానికి ముందు ఒక ఎస్సెమ్మెస్, అంతే. పిల్లలు మెరుగుపడ్డారు. ఎస్సెమ్మెస్ ఒక్కటే పంపితే అంత ఫలితం రాలేదు. అటువైపు వినే మనిషి ఉండాలన్నమాట.

మరి మన దగ్గర ట్యూషన్లకేం తక్కువ అంటారా? డాబా మీద ముప్పై మందిని కూర్చోబెట్టి మళ్లీ అదే పాఠం ఇంకాస్త గట్టిగా చెప్పడం ట్యూషన్ కాదు, అది ఇంకో క్లాసు. మాస్టారే హోంవర్క్ లెక్క చేసేసి పిల్లాడితో దించి రాయించడం ఇంకా అన్యాయం. నోటుబుక్కు నిండుతుంది, అమ్మానాన్నలు సంతోషిస్తారు, పరీక్ష రోజు టెన్షన్ మాత్రం అలాగే ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకు ముందుగా కావాల్సింది నోరు కట్టేసుకునే ఓపిక. పిల్లాడు తప్పు దారిలో వెళ్తుంటే చివరిదాకా వెళ్లనిచ్చి, ఎక్కడ మలుపు తప్పాడో వాడితోనే చెప్పించాలి.

డబ్బున్న ఇళ్లలో ఇది ఎలాగోలా జరుగుతుంది. కూలి పనికి వెళ్లే తల్లి దగ్గర ఆ వీలుండదు. టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని విద్యాహక్కు చట్టం అంటోంది, అది సబబే. కాబట్టి ఈ పని బడి వేళల్లోనే, బడిలోనే జరగాలి. బీఈడీ, డీఈడీ చదివేవాళ్లు ఎలాగూ ఇంటర్న్‌షిప్‌కి బడులకు వస్తున్నారు. వాళ్లను వెనక బెంచీలో కూర్చోబెట్టి రికార్డులు రాయించే బదులు ఒక్కొక్కరికీ ఇద్దరేసి పిల్లల్ని అప్పగించి, రోజూ అరగంట చొప్పున విడివిడిగా కూర్చోమనండి. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి జిల్లాకో మండలంలోనైనా మొదలుపెట్టి చూడాలి. కావాల్సింది వరండాలో ఓ మూల, రెండు పలకలు, వచ్చేవాళ్లకు బస్సు ఛార్జీలు.