ఖాళీ అరేనాలో రాక్ బ్యాండ్ రిహార్సల్: పాటల కంటే వాటి మధ్య సందులు చూడాలి

రాక్ బ్యాండ్ టూర్‌కు బయల్దేరే ముందు ఓ అరేనాను అద్దెకు తీసుకుని, మొదటి పాట నుంచి ఎంకోర్ (షో ముగిశాక మళ్లీ వచ్చి వాయించే ఆఖరి పాటలు) దాకా షో మొత్తాన్ని ఒకటికి నాలుగుసార్లు ఆడి చూసుకుంటుంది. లైట్లుంటాయి, తెరలుంటాయి, పొగ, మంటలు కూడా ఉంటాయి. కుర్చీలు మాత్రం ఖాళీ. చూడ్డానికి పిలుపు అందిన కొద్దిమంది నేరుగా ముందు వరసలోకి పోయి కూర్చుంటారు. తమ కోసమే కచేరీ జరుగుతున్నట్టు మురిసిపోతారు. తప్పేం లేదు గానీ, అక్కడి నుంచి అసలు పని కనపడదు. పాటలు బ్యాండ్‌కు ఈపాటికే వచ్చు. చిన్న గదిలో వారాల తరబడి వాయించాకే ఇక్కడికి వచ్చారు. అరేనాకు అద్దె కట్టేది రెండు పనుల కోసం. పాటకూ పాటకూ మధ్య ఏం జరగాలో తేల్చుకోవాలి. ఇంకా రాని జనాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

ఒక్క సందును దగ్గర్నుంచి చూద్దాం. పాట అయిపోయింది, స్టేజీ చీకటైంది. తర్వాతి పాటకు గిటారిస్టుకు వేరే శ్రుతిలో ఉన్న గిటార్ కావాలి. గిటార్ టెక్ (గిటార్లు చూసుకునే సహాయకుడు) దాన్ని ట్యూనర్‌లో చూసుకుని పక్కన సిద్ధంగా ఉంటాడు. పాత గిటార్‌ను మ్యూట్ చేయకుండా కేబుల్ లాగితే ‘ధబ్’మన్న చప్పుడు హాలంతా మోగుతుంది. కొత్తదానికి మ్యూట్ తీయడం మరిస్తే పాట మొదటి స్వరాలే మూగపోతాయి. అదే చీకట్లో డ్రమ్ టెక్ స్నేర్ డ్రమ్మును మారుస్తుంటాడు. ఇద్దరు మనుషులు కీబోర్డును తోసుకొచ్చి, నేల మీద అంటించిన మెరిసే టేపు గుర్తుల దగ్గర ఆపుతారు. గాయకుడు ర్యాంపు చివరికి నడిచిపోతుంటాడు. అందరి చెవుల్లోని ఇయర్‌ఫోన్లలోనూ తాళం చెప్పే ‘క్లిక్’ శబ్దం నాలుగు బీట్లు లెక్కపెడుతుంది. దీనికంతటికీ ఇచ్చిన సమయం 15 సెకన్లనుకుందాం. మొదటిసారి 40 పడుతుంది. గిటార్ తెచ్చేవాడూ కీబోర్డు తోసేవాళ్లూ ఒకే ఇరుకు మెట్ల దగ్గర ఎదురుపడతారు మరి! కాగితం మీద గీసుకున్న ప్లాన్‌లో ఇది దొరకదు. స్టేజ్ మేనేజర్ అందర్నీ ఆపి, దారులు మార్చి, ఆ సందును మాత్రమే ఆరేడుసార్లు చేయిస్తాడు. పాట చివరి రెండు లైన్లు, చీకటి, తర్వాతి పాట మొదటి రెండు లైన్లు. మళ్లీ మొదటికి. చూసేవాళ్లకు విసుగొచ్చి ఫోన్లు తీసేది సరిగ్గా ఇక్కడే.

సెకన్లను అంతగా పట్టుకు వేలాడటం ఎందుకంటే, 24 పాటల షోలో 23 సందులుంటాయి. ఒక్కోటి 25 సెకన్లయితే మొత్తం తొమ్మిదిన్నర నిమిషాలు. 40 సెకన్లయితే 15 నిమిషాలు దాటిపోతుంది. తేడాలో ఒక పాట ఎగిరిపోయినట్టే. రాత్రి ఫలానా గంటకు ఆపి తీరాలని షరతు ఉన్న హాల్లో ఆలస్యమైతే జరిమానా కూడా. పైగా ఖాళీ హాల్లో చప్పట్లుండవు కాబట్టి తర్వాతి పాట వెంటనే ఎత్తుకోవచ్చు, అసలు రోజు కుదరదు. పని తెలిసిన షో కాలర్ (ఎవరి పని ఎప్పుడో పిలిచి చెప్పే మనిషి) రిహార్సల్లోనే పాట చివర పది పదిహేను సెకన్లు గడియారం చూస్తూ ఊరుకుంటాడు, లేని చప్పట్ల కోసం. బ్యాండ్ సభ్యులకు ఆ మౌనం ఇబ్బందిగా ఉంటుంది. అయినా ఆగాలి. ఆగకపోతే పూర్తి రన్ నిడివి అని రాసుకున్న అంకె అబద్ధమవుతుంది.

ఇప్పటి పెద్ద షోలు చాలావరకు టైమ్‌కోడ్ మీద నడుస్తాయి. క్లిక్‌తో పాటే ఒక గడియారపు సంకేతం బయల్దేరి లైట్లకూ తెరలకూ చేరుతుంది. మొదటి పాట 1 గంట దగ్గర, రెండోది 2 గంటల దగ్గర మొదలయ్యేట్టు ఒక్కో పాటకు ఒక్కో ‘గంట’ కేటాయించడం వాడుక. సెట్‌లిస్ట్‌లో పాటలు అటూ ఇటూ మారినా క్యూలు, అంటే ఏ లైటు, ఏ బొమ్మ ఎప్పుడు రావాలన్న గుర్తులు, చెదరవు. ముందే రికార్డ్ చేసిన ట్రాకులు వినిపించే కంప్యూటర్లు రెండుంటాయి. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి. రిహార్సల్లో చేయాల్సిన మంచి పనుల్లో ఒకటి, పాట నడుస్తుండగా ఎవరికీ చెప్పకుండా మొదటి కంప్యూటర్ కేబుల్ పీకేయడం. అదేదో దుర్మార్గంలా అనిపిస్తుంది గానీ, రెండోది నిజంగా అందుకుంటుందో లేదో జనం ముందు తెలుసుకోవడం కంటే నయం.

ఇక శబ్దం. ఖాళీ హాలు ఎక్కువగా మోసం చేసేది ఇక్కడే. 1971 అక్టోబర్‌లో బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఇటలీలోని పాంపేయి పురాతన యాంఫీథియేటర్‌లో కెమెరాల కోసం జనం లేకుండా వాయించింది. కరెంటును మున్సిపల్ భవనం నుంచి పొడవాటి కేబుల్ వేసి తెచ్చుకున్నారు. అక్కడ పైకప్పు లేదు, శబ్దం ఆకాశంలోకి పోతుంది. మూసిన అరేనాలో దానికి పోయే దారి లేదు. కాంక్రీటు, ఇనుము, ప్లాస్టిక్ కుర్చీలకు తగిలి తిరిగొస్తూనే ఉంటుంది.

1895లో హార్వర్డ్ యూనివర్సిటీలో మాటలు వినపడని లెక్చర్ హాలును బాగుచేయమని అక్కడి భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబీన్‌కు అప్పగించారు. ఆయన దగ్గర్లోని థియేటర్ నుంచి సీటు పరుపులు మోయించి, ఎన్ని పరుస్తే ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలిచాడు. అందులోంచి పుట్టిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చుకునే విస్తీర్ణంతో భాగించాలి. ఉదాహరణకు 2 లక్షల ఘనపు మీటర్ల అరేనా ఖాళీగా ఉన్నప్పుడు 8,000 చదరపు మీటర్ల మేర పీల్చుకుంటుందనుకుంటే మోత 4 సెకన్లు సాగుతుంది. అందులోకి 12 వేల మంది వచ్చి, ఒక్కొక్కరు ఖాళీ కుర్చీ కంటే 0.4 చదరపు మీటర్లు అదనంగా పీల్చుకుంటే అది రెండున్నర సెకన్లకు దిగుతుంది. అంటే సౌండ్ వాళ్ల దృష్టిలో జనం కదిలే పరుపులు. ఆఖరి రిహార్సల్‌కు సిబ్బంది కుటుంబాలనో, అభిమానుల్లో కొందరినో 300 మందిని పిలిచే ఆనవాయితీ ఉంది. ఇదే లెక్కన వాళ్లు కలిపేది 120 చదరపు మీటర్లు, ఒకటిన్నర శాతం. గాయకుడికి చూపు నిలపడానికి ముఖాలు దొరుకుతాయి, అంతే. హాలుకు తేడా తెలీదు.

ఈ పీల్చుకోవడం అన్ని స్వరాలకూ ఒకేలా ఉంటే పని సులువయ్యేది. మనుషులూ వాళ్ల బట్టలూ మధ్యమ, పై స్థాయి శబ్దాలను బాగా లాక్కుంటాయి. కిక్ డ్రమ్, బాస్ గిటార్ కింది మోతను అంతగా ముట్టుకోవు. ఖాళీ హాల్లో సింబల్స్, గొంతు గరగరమని చెవుల్లో గుచ్చుకుంటున్నాయని ఇంజనీర్ వాటిని తెగ తగ్గించేశాడనుకోండి. మొదటి రాత్రి జనం వచ్చాక మిక్స్ దుప్పటి కప్పినట్టు మందంగా తయారవుతుంది. కింది మోత మాత్రం అలాగే ఉండిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు ఖాళీ హాల్లో పై స్వరాలను సగం వరకే సరిచేసి, మిగతా సగం కరుకును భరిస్తారు. రిహార్సల్ వింటూ ‘గొంతు కొంచెం కరుగ్గా ఉందే’ అనిపిస్తే అది తప్పు కాకపోవచ్చు, కావాలని వదిలిందే కావచ్చు.

వెనక గోడ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. స్టేజీ నుంచి ఎదురు గోడ 80 మీటర్లుంటే స్నేర్ దెబ్బ అక్కడికి పోయి రావడానికి 160 మీటర్లు ప్రయాణించాలి. సెకనుకు 343 మీటర్ల వేగంతో అది 466 మిల్లీసెకన్లు. నిమిషానికి 128 బీట్ల పాటలో ఒక బీటు 469 మిల్లీసెకన్లు. ప్రతిధ్వని సరిగ్గా తర్వాతి బీటు మీదే వచ్చి కూర్చుంటుంది, ఎవరికీ తెలీదు. 100 బీట్ల పాట ఎత్తుకుంటే అదే ప్రతిధ్వని బీటు కంటే ముందే దిగుతుంది, రెండో డ్రమ్మర్ ఎవరో తాళం తప్పి వాయిస్తున్నట్టు. చూసేవాళ్లు డ్రమ్మర్‌ను తిడతారు. అతని చెవుల్లో క్లిక్ ఉంది, అతను సరిగ్గానే ఉన్నాడు. ఆ గోడ ముందు గ్యాలరీ జనంతో నిండితే ఆ దెబ్బ చాలావరకు మెత్తబడుతుంది.

వేడి కూడా లెక్కే. కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. 15 వేల మంది అంటే 1.5 మెగావాట్ల హీటర్. గాలి 15 డిగ్రీల నుంచి 25కు చేరితే శబ్ద వేగం సెకనుకు 6 మీటర్లు పెరుగుతుంది. వెనక కూర్చున్నవాళ్ల కోసం స్టేజీకి 60 మీటర్ల దూరంలో వేలాడదీసి, స్టేజీ శబ్దంతో కలిసేలా కావాలనే ఆలస్యంగా మోగించే డిలే స్పీకర్లకు మధ్యాహ్నం పెట్టిన ఆలస్యం రాత్రికి 3 మిల్లీసెకన్లు తప్పుతుంది. చిన్న అంకెలా కనపడుతుంది గానీ, రెండు స్పీకర్ల శబ్దం కలిసే చోట మాటల స్పష్టతను చెడగొట్టడానికి అది చాలు.

బ్యాండ్ వెళ్లిపోయాక కూడా రిహార్సల్ ఆగదు. ప్రతి మైక్‌నూ విడివిడిగా రికార్డ్ చేసి, రాత్రంతా అదే స్పీకర్లలో వినిపించుకుంటూ ఇంజనీర్ ఒంటరిగా మిక్స్ చేసుకుంటాడు. వర్చువల్ సౌండ్‌చెక్ అంటారు. గొప్ప సౌకర్యమే, కానీ దాన్ని పూర్తిగా నమ్మితే దెబ్బ తింటారు. రికార్డింగ్‌ను తిరిగి వినిపిస్తున్నప్పుడు మైకులు తెరిచి ఉండవు. స్పీకర్ నుంచి మైక్‌లోకి, మైక్ నుంచి మళ్లీ స్పీకర్‌లోకి తిరిగే ఆ చక్రమే లేదు కనక ఫీడ్‌బ్యాక్ బయటపడదు. గాయకుడు ర్యాంపు మీద స్పీకర్లకు ముందుకొచ్చిన క్షణంలో కూత వస్తుందో లేదో తేలాలంటే మనిషి మైక్ పట్టుకుని నడవాల్సిందే. పాడేవాళ్లు తమ శబ్దం వినడానికి చెవిలో పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్లదీ ఇలాంటి గొడవే. జనం హోరు గాయకుడి చెవికి చేరాలని స్టేజీ అంచున మైకులు పెడతారు. ఖాళీ హాల్లో వాటిలో వచ్చేది గోడల మోత మాత్రమే కాబట్టి బాగా తగ్గించి ఉంచుతారు. ఆ స్థాయినే అలా సేవ్ చేసి వదిలేస్తే తొలి రాత్రి గాయకుడికి గాజుపెట్టెలో నిలబడి పాడుతున్నట్టుంటుంది. ఒక చెవిలోది పీకేసి పాడటం మొదలెడతాడు.

ఖాళీ హాల్లో తేలనిదాన్ని జనం ముందే తేల్చుకున్నవాళ్లూ ఉన్నారు. 1974 మార్చి 23న అమెరికన్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ తన బ్రహ్మాండమైన స్పీకర్ల గోడను శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న కౌ ప్యాలెస్‌లో టికెట్ల కచేరీలోనే పరీక్షకు పెట్టింది. ఆ రాత్రికి పెట్టిన పేరే ‘సౌండ్ టెస్ట్’. దాచిపెట్టకుండా చెప్పి మరీ చేశారు, అది నిజాయతీ.

లైట్లూ తెరల గురించి రెండు మాటలు. ఖాళీ కుర్చీలు కాంతిని తిప్పికొడతాయి, జనం మింగేస్తారు. రిహార్సల్లో సరిపెట్టిన కెమెరా ఎక్స్‌పోజర్ అసలు రోజు చీకటిగా కనిపించేది అందుకే. చల్లని ఖాళీ హాల్లో పొగ పొరలా కదలకుండా పరుచుకుని, కాంతి రేఖలు కత్తుల్లా కనిపిస్తాయి. జనం వేడికీ, పూర్తి వేగంతో తిరిగే ఏసీకీ అదే పొగ పైకి లేచి చెదిరిపోతుంది. తెర మీది బొమ్మ కెమెరా నుంచి నాలుగు ఫ్రేములు ఆలస్యంగా వస్తే, సెకనుకు 60 ఫ్రేముల లెక్కన 67 మిల్లీసెకన్లు. శబ్దం ఆ సమయంలో 23 మీటర్లు పోతుంది. అక్కడ కూర్చున్నవాళ్లకు తెర మీది పెదాలూ మాటా అతికినట్టుంటాయి. ముందు వరస వాళ్లకు పెదాలు వెనకబడతాయి. మురిసిపోతూ ముందు కూర్చున్నవాళ్లు దాన్నే లోపమని చెప్పుకుంటారు.

మంటల విషయంలో మాత్రం రాజీ ఉండకూడదు. ముందు ఉత్తుత్తిగా, రేడియోలో ‘ఫైర్’ అని చెప్పుకుంటూ ఒక రన్, ఆ తర్వాతే నిజం మంటతో. ఎక్కడ నిలబడితే ప్రమాదమో టేపుతో గీత గీసి ఉండాలి. గీత దాటి ఎవరైనా ఉంటే బటన్ నొక్కకుండా ఆపడానికి కళ్లప్పగించి చూసే మనిషి విడిగా ఉండాలి. 1992 ఆగస్టు 8న మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో మెటాలికా బ్యాండ్ గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ మంటల్లో చిక్కుకుని ఒళ్లు కాలి గాయపడ్డాడు. కొత్తగా చేర్చిన మంటలు పాతవాటి స్థానంలో వస్తాయో, పాతవాటికి అదనమో అన్న దగ్గరే పొరపాటు పడ్డారు. మార్పు చిన్నదైనా ఆ పాట మొత్తాన్ని నిజం వేగంతో మళ్లీ నడిపించాలనడానికి అంతకంటే ఏం కావాలి?

ఖర్చు తగ్గించమనగానే ముందు కత్తెర పడేది రిహార్సల్ రోజుల మీదే. ఏ లెక్కన చూసినా అది తెలివితక్కువ పొదుపు. ఐరిష్ బ్యాండ్ యూ2 పాప్‌మార్ట్ టూర్ తేదీలు ముందే ఖరారైపోయాయి, ఆల్బం పని ఆలస్యమై రిహార్సల్ సమయాన్ని తినేసింది. 1997 ఏప్రిల్ 25న లాస్ వేగాస్‌లో తొలి రాత్రి ఒక పాటను మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది, విమర్శకులు ఏకిపారేశారు. షో తర్వాత కుదురుకుంది, కాకపోతే టికెట్ కొన్నవాళ్ల ముందు. పింక్ ఫ్లాయిడ్ 1994 టూర్‌కు మార్చి నెలలో కాలిఫోర్నియాలోని నార్టన్ వైమానిక స్థావరం హ్యాంగర్‌లో సాధన చేసింది. ఇప్పుడైతే పెన్సిల్వేనియాలోని రాక్ లిటిట్జ్ లాంటి చోట్ల ఇందుకోసమే 30 మీటర్ల ఎత్తున కట్టిన స్టూడియోలున్నాయి. ఎత్తూ కరెంటూ అక్కడ దొరుకుతాయి. చుట్టూ గ్యాలరీలుండవు కనక శబ్దం లెక్కలకు మాత్రం చివరి రెండు మూడు రోజులైనా నిజమైన అరేనా కావాలి.

ఆ చివరి రోజు ఎంకోర్ అయ్యాక పిలిచినవాళ్లంతా చప్పట్లు కొట్టి లేచిపోతారు. లేవకూడదు. బ్యాండ్ కార్లెక్కాక హాలు లైట్లన్నీ వెలుగుతాయి, ప్రొడక్షన్ మేనేజర్ చేతిలో స్టాప్‌వాచ్ మొదలవుతుంది. మైకులు, డ్రమ్ములు, ఆంప్లిఫయర్లు పెట్టెల్లోకి. లైట్లు బిగించిన పెద్ద చట్రాలు (ట్రస్‌లు) చైన్ మోటార్ల మీద నెమ్మదిగా కిందికి. ఏ లారీలో ఏ పెట్టె ఎటు తిప్పి పెట్టాలో ఈ రాత్రే రాసుకుంటారు. ఇక్కడే ఒక చిక్కుముడి ఎదురవుతుంది. అన్నిటికంటే చివర ఊడదీసేవి కప్పుకు వేలాడే మోటార్లూ గొలుసులూ, తర్వాతి ఊళ్లో అన్నిటికంటే ముందు కావాల్సినవీ అవే. ఆఖరున బయల్దేరిన లారీ మొదట చేరాలి! అందుకే పెద్ద టూర్లు వాటిని రెండు సెట్లు తిప్పుతాయి. ఒకటి ఈ కప్పుకు వేలాడుతుండగానే రెండోది తర్వాతి ఊరి దారిలో ఉంటుంది, అక్కడ తెల్లవారుజామునే రిగ్గర్లు (కప్పుకు సామాను వేలాడదీసేవాళ్లు) లేజర్ పెట్టి నేల మీద సుద్దముక్కతో గుర్తులు గీయడం మొదలుపెడతారు.