కణానికి ఇన్వర్డు రిజిస్టరు లేదు

ముప్పై నాలుగేళ్లపాటు ఒక ప్రభుత్వ కార్యాలయంలో తపాలు విభాగం చూసి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి, లోపలికి వచ్చేదాన్నీ బయటికి పోయేదాన్నీ ఎలా ఆపాలో నాకు బాగా తెలుసునని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. నా హయాంలో ఏ కాగితమూ మూడు కొర్రీలు పడకుండా గుమ్మం దాటలేదు. పొలం సబ్‌డివిజన్ కోసం అర్జీ పెట్టుకున్న ఒక రైతు పదకొండు నెలలపాటు చెప్పులరిగేలా తిరిగాడంటే, మా వ్యవహారం ఎంత పకడ్బందీగా నడిచేదో వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి నేను, ఇంటర్మీడియట్ బైపీసీ చదువుతున్న మనవరాలి చేత పాఠం అప్పజెప్పించుకుందామని కణత్వచం, అంటే కణం చుట్టూ ఉండే పొర, అనే అధ్యాయం తెరిచి, రెండు పేజీలు తిరగకముందే నిర్ఘాంతపోయాను. మనిషి ఒంట్లో ముప్పై లక్షల కోట్ల పైచిలుకు కణాలున్నాయట. ఒక్కొక్కదానిలోకి నీళ్లు, లవణాలు, చక్కెర, ప్రాణవాయువు రాత్రనక పగలనక వస్తూ పోతూ ఉంటాయట. ఇన్ని కణాల్లో ఒక్కదానికి కూడా ఇన్వర్డు రిజిస్టరు లేదు.

ముందుగా ప్రహరీ సంగతి చూద్దాం. దాని మందం సుమారు 5 నానోమీటర్లు, అంటే అలాంటివి రెండు లక్షలు ఒకదానిపై ఒకటి పేర్చితే తప్ప ఒక్క మిల్లీమీటరు కాదు. పోనీ ఇటుకా సున్నమా అంటే అదీ కాదు, వట్టి కొవ్వు. ఒక్కో కొవ్వు అణువుకు నీళ్లంటే ఇష్టపడే తల ఒకటి, నీళ్లంటే గిట్టని తోకలు రెండు ఉంటాయి; తోకలు లోపలికి దాచుకొని, తలలు బయటికి పెట్టి, రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడితే అదే గోడ. వరుసలు రెండేనని 1925లో నెదర్లాండ్స్‌కు చెందిన గోర్టర్, గ్రెండెల్ తేల్చారు. ఎర్ర రక్తకణాల కొవ్వును తీసి నీటి మీద పరిచి కొలిస్తే, అది కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. నిజానికి వారు కొవ్వునంతా తీయలేకపోయారు, కణం ఉపరితలాన్ని కూడా తక్కువగా లెక్కగట్టారు. ఆ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకొని జవాబు మాత్రం సరిపోయింది. మా లెక్కల విభాగంలో ఇది నిత్యకృత్యమే కాబట్టి నాకేమీ వింతగా తోచలేదు.

వింతగా తోచింది 1972 నాటి సంగతి. ఆ సంవత్సరం సింగర్, నికల్సన్ అనే ఇద్దరు ఈ గోడ అసలు గట్టిది కాదని, నూనెలా కదులుతూ ఉంటుందని, అందులో ప్రోటీన్లు తేలుతూ తిరుగుతుంటాయని ప్రకటించారు. అంటే ఇది ఎవరి సీటు ఎక్కడో తెలియని కార్యాలయమన్నమాట. పక్కపక్కకు జరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ వరుసలోంచి ఆ వరుసలోకి మారడం మాత్రం బహు కష్టం, దానికి ప్రత్యేకంగా కొన్ని ప్రోటీన్లు పూనుకోవాలి. బదిలీల విషయంలో ఆ మాత్రం క్రమశిక్షణ ఉన్నందుకు సంతోషించాను. అయితే ఆక్సిజనూ కార్బన్ డయాక్సైడూ ఏ తలుపూ తట్టకుండా నేరుగా గోడలోంచే పోతాయని, ఆల్కహాలు కూడా అదే దారి పడుతుందని చదివాక ఆ సంతోషం నిలవలేదు. చక్కెరకు తలుపు కావాలి, ఉప్పుకు తలుపు కావాలి, సారాకు మాత్రం గోడే దారి! ఎక్సైజు శాఖ వారు దీన్ని గమనించారో లేదో తెలియదు.

ఇక నీటి విషయంలో సాక్ష్యం మా ఇంట్లోనే దొరికింది. మొన్న వేసవిలో మా ఆవిడ మాగాయకని మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో వేసి మూత పెట్టింది. చుక్క నీరు పోయలేదు. మూడో రోజు మూత తీస్తే ముక్కలు వడలి ముడుతలు పడి, తమ ఊటలో తామే మునిగి ఉన్నాయి. బయట ఉప్పు ఎక్కువ, లోపల తక్కువ అయ్యేసరికి, ముక్కల్లోని కణాలు తమ నీటిని త్వచాల్లోంచి బయటికి వదులుకున్నాయని, దీన్ని ద్రవాభిసరణ అంటారని మనవరాలు చెప్పింది. ఎవరి సంతకంతో వదులుకున్నాయని అడిగితే ఆమె నా వైపు జాలిగా చూసింది.

కొవ్వు గోడలోంచి నీరు కొద్దికొద్దిగా ఎలాగూ జారుతుంది గాని, ఎర్ర రక్తకణాల్లో, మూత్రపిండాల్లో కనిపించే జోరుకు అది చాలదు. దాని గుట్టు పీటర్ ఆగ్రె అనే అమెరికా శాస్త్రవేత్తకు, రక్త గ్రూపులకు సంబంధించిన ఆర్‌హెచ్ ప్రోటీను కోసం వెతుకుతుండగా అనుకోకుండా చిక్కింది. ఎర్ర కణాల్లో పుష్కలంగా ఉన్న ఒక పేరులేని ప్రోటీనును కప్ప గుడ్లలో తయారయ్యేలా చేసి, ఆ గుడ్లను ఉప్పు తక్కువున్న ద్రవంలో వేస్తే, అవి నిమిషాల్లో ఉబ్బి పగిలిపోయాయి. ఆ ప్రోటీను లేని గుడ్లు చెక్కుచెదరలేదు. 1992లో బయటపడిన ఆ నీటి తలుపుకే ఆక్వాపోరిన్ అని పేరు. ఒక్క తలుపులోంచి సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు ఒకదాని వెనక ఒకటిగా, తోపులాట లేకుండా సాగిపోతాయి. ప్రోటానులకు, అంటే ఎలక్ట్రాను పోగొట్టుకున్న హైడ్రోజన్ పరమాణువులకు, నీటి అణువుల గొలుసు పట్టుకొని గెంతే అలవాటు ఉంది కాబట్టి, ఆ తలుపు దారి మధ్యలో ప్రతి నీటి అణువుకూ ఒక పల్టీ వేయించి గొలుసు తెంపేస్తుంది. నీరు పోతుంది, ప్రోటాను ఆగిపోతుంది. ఇంత జరుగుతున్నా అక్కడ టోకెన్లు లేవు, విచారణ గవాక్షం లేదు. 300 కోట్ల నీటి అణువులు పోతున్నా ఒక్క చేయి కూడా తడవదంటే, ఆ కొలువులో ఎవరు మాత్రం ఎన్నాళ్లు పనిచేస్తారు?

పొటాషియం తలుపు ఇంతకన్నా విడ్డూరం. సోడియం అయాను, అంటే విద్యుదావేశమున్న సోడియం పరమాణువు, పొటాషియం అయాను కన్నా చిన్నది. పెద్దవాడు పట్టే గుమ్మంలో చిన్నవాడు పట్టడా? పట్టడట. పదివేల పొటాషియం అయానులు పోతే, దారి తప్పి ఒక్క సోడియం పోవడం కూడా గగనమే. చిన్నవాణ్ని ఆపి పెద్దవాణ్ని పంపడం మాకు అలవాటైన పద్ధతే కాబట్టి మొదట మెచ్చుకున్నాను గాని, కారణం వేరని తరువాత తెలిసింది. నీటిలో ప్రతి అయానూ నీటి అణువులను శాలువాలా కప్పుకొని తిరుగుతుంది, ఇరుకు దారిలోకి రావాలంటే ఆ శాలువా విప్పాలి. తలుపు లోపల ఆక్సిజన్ పరమాణువులు సరిగ్గా పొటాషియం కొలతకు నిలబడి ఉంటాయి కాబట్టి, విప్పిన శాలువా స్థానంలో అవి దాన్ని ఆదుకుంటాయి. సోడియం చిన్నది కావడంతో వాటికి అందదు, అందని చోట శాలువా విప్పడానికి అది ఇష్టపడదు, వెనక్కి తిరుగుతుంది. 1998లో రోడరిక్ మెకినన్ ఈ అమరికను కళ్లకు కట్టించి, 2003లో ఆగ్రెతో కలిసి రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. ఇంత సూక్ష్మమైన తనిఖీ చేస్తూనే ఆ తలుపు సెకనుకు పది కోట్ల దాకా అయానులను పంపగలదు. తనిఖీ అంటే జాప్యమనే నా ముప్పై నాలుగేళ్ల నిశ్చితాభిప్రాయానికి ఇది బొత్తిగా విరుద్ధం కాబట్టి, ఈ భాగాన్ని పరీక్షల్లో అడగకుండా ఉంటే మేలు.

కణంలో నా మనసుకు నచ్చిన ఉద్యోగి సోడియం పంపు ఒక్కటే. అది మూడు సోడియం అయానులను బయటికి నెడుతుంది, రెండు పొటాషియం అయానులను లోపలికి తెస్తుంది. ఇటు తలుపు తెరిస్తే అటు మూస్తుంది, రెండూ ఒకేసారి తెరవదు. నెట్టిన సోడియం ఏదో ఒక సందులోంచి మళ్లీ లోపలికి వస్తుంది, ఇది మళ్లీ నెడుతుంది. ఎన్నటికీ పూర్తికాని పని, ఎన్నటికీ రద్దుకాని పోస్టు! దీనికి మామూలు కూడా ఉంది, విడతకు ఒక ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే అణువు. నేను ఏ పనీ చేయకుండా వాలుకుర్చీలో కూర్చున్నప్పుడు సైతం నా ఒంటి ఖర్చులో దాదాపు ఐదో వంతు ఈ పంపులకే పోతోందని తెలిశాక, మా ఆవిడ నన్ను పనిలేనివాడంటే ఊరుకోవడం మానేశాను. డెన్మార్కులో యెన్స్ స్కౌ పీత కాలి నరాల్లో ఈ పంపును పసిగట్టింది 1957లో. నోబెల్ వచ్చింది 1997లో. నలభై ఏళ్లకు ఫైలు కదిలిందంటే స్వీడన్ వారి కార్యాలయం మీద నాకు గౌరవం కలిగింది.

అసలు ఆ మామూలును, అంటే ఏటీపీని కనిపెట్టిన వారిలో మనవాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో దీన్ని వెలికితీశాడు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే పని చేశాడు. అంతకుముందే 1925లో, రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు గాఢతను బట్టి చెప్పే పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు ఇద్దరూ రూపొందించారు. ప్రపంచంలోని జీవకణాలన్నీ ఆ ఏటీపీతోనే నడుస్తున్నాయి. హార్వర్డులో సుబ్బారావు స్థిర నియామకం మాత్రం నడవలేదు. కొర్రీలు వేయడంలో మేమే ఘనులమనుకోవడం పొరపాటని ఒప్పుకోవలసి వచ్చింది.

పంపు పడే ఈ పాటంతా వృథా అనుకోవద్దు. బయట సోడియం పోగుపడి లోపలికి రావాలని ఒత్తిడి చేస్తూ ఉంటుంది. చిన్నపేగు కణాల్లో ఒక ప్రోటీను ఆ ఒత్తిడినే వాడుకొని, రెండు సోడియంలు వెంట ఉంటేనే ఒక గ్లూకోజును లోపలికి రానిస్తుంది. అంటే సిఫార్సు. నేను ఊపిరి పీల్చుకున్నాను. కలరా సోకినప్పుడు ఆ క్రిమి విషం పేగు కణాల్లో సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడు తలుపును తెరిచిపెట్టి మూసుకోనివ్వదు. క్లోరైడు వెంట సోడియం, వాటి వెంట నీరు బిందెలకొద్దీ బయటికి పోతాయి. ఆ విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే గుర్తించారు. ఇంత విధ్వంసంలోనూ సిఫార్సు తలుపు మాత్రం చెక్కుచెదరకుండా పనిచేస్తుంది. ఉప్పూ గ్లూకోజూ కలిపి తాగిస్తే రెండూ జంటగా లోపలికి పోతాయి, నీరు వాటి వెనక నడుస్తుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ నీళ్లనే డ్రమ్ముల్లో కలిపించి, బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఇప్పుడు లీటరు నీటికి కలిపే పొట్లంలో ఉండేది 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, మరి రెండు లవణాలు. నేను చూసిన సిఫార్సు లేఖల్లో ప్రాణం నిలబెట్టింది ఈ ఒక్కటే.

అదే సీఎఫ్‌టీఆర్ దగ్గర కణం చివరికి మా దారికి వచ్చిందని చెప్పడానికి గర్వపడబోయాను. ఆ ప్రోటీను 1,480 అమైనో ఆమ్లాల గొలుసు. కొందరికి పుట్టుకతోనే 508వ స్థానంలో ఒక్కటి లోపిస్తుంది. ఆ ఒక్క లోపానికి గొలుసు సరిగా ముడుచుకోదు. త్వచానికి పంపకముందు లోపలే తనిఖీ చేసే యంత్రాంగం దాన్ని పట్టుకొని, ఆపి, ముక్కలు చేసి పారేస్తుంది. 1,480 అక్షరాల అర్జీలో ఒక్క అక్షరం తప్పితే తిరస్కరణ! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తరువాతి వాక్యం మనవరాలు చదివింది. ఆ ప్రోటీనును ఎలాగోలా త్వచం దాకా చేరనిస్తే కొంతవరకు పనిచేసేదేనట. చేరనివ్వరు కాబట్టి ఆ పిల్లల ఊపిరితిత్తుల్లో శ్లేష్మం చిక్కగా బంకలా పేరుకుంటుంది, చెమట ఉప్పుగా ఉంటుంది, ఊపిరాడక ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు. దీన్ని సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటారు. కణం అచ్చంగా మా కార్యాలయంలా ప్రవర్తించిన ఈ ఒక్క సందర్భాన్నీ వైద్యులు జబ్బుగా నమోదు చేశారు. ఈ మధ్య వచ్చిన మందులు ఆ ప్రోటీనును సరిగా ముడిచి, చెయ్యిపట్టి గుమ్మం దాకా తీసుకుపోతాయట. అర్జీ తప్పును అక్కడికక్కడే దిద్దించి పంపే గుమాస్తా ఒకడు మా విభాగంలోనూ ఉండేవాడు, వాణ్ని రెండేళ్లకే బదిలీ చేయించాం.

తలుపు ఉండి కూడా గోడ దాకా రాకపోవడమనే జాడ్యం నా ఒంట్లోనే ఉందని నాకు పోయిన ఉగాది నాడు తెలిసింది. కండరాల కణాల్లో చక్కెర తలుపులు, వాటి పేరు గ్లూట్-4, మామూలు వేళల్లో చిన్నచిన్న సంచుల్లో లోపలే పడి ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి బయట గ్రాహకాన్ని తడితే ఆ సంచులు త్వచానికి చేరి కలిసిపోతాయి, తలుపులు గోడకు అమరుతాయి, చక్కెర లోపలికి పోతుంది. నా కణాలు ఇన్సులిన్ ఎంత తట్టినా విననట్టు కూర్చుంటున్నాయట. భోజన విరామమని బోర్డు పెట్టి నేను కూర్చున్న కుర్చీ గుర్తొచ్చింది గాని డాక్టరుతో అనలేదు. మందు బిళ్లలు రాసి, రోజూ నడవమన్నాడు. నడిస్తే కండరం బిగిసి సడలినప్పుడల్లా, ఇన్సులిన్ మాట లేకుండానే ఆ తలుపులు గోడ దగ్గరికి వస్తాయట. ఊరికే తిరిగితే తలుపు తెరుచుకునే వ్యవస్థ ఒకటి సృష్టిలో ఉందని నమ్మడానికి నాకు వారం పట్టింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం మునిసిపల్ పార్కులో ఎనిమిది చుట్లు తిరుగుతున్నాను. కొత్త చెప్పులు రెండో నెలకే మడమ దగ్గర అరిగాయి. నిన్న మలుపు దగ్గర ఒకాయన నన్ను దాటిపోతూ ఆగి నమస్కారం పెట్టాడు. పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. ఆ పదకొండు నెలల సబ్‌డివిజన్ రైతు. డెబ్బై దాటాయి, మనిషి వెదురు బద్దలా ఉన్నాడు.

"ఏం సూపర్నెంటుగారూ, షుగరాండీ?" అన్నాడు.

అవునని, తనకు ఎంతుందని అడిగాను.

"నాకెందుకుంటుందండీ? అన్నాళ్లు నడిపించారు కదా, అంతా మీ చలవే" అని మళ్లీ ఒక నమస్కారం పెట్టి, నాకన్నా ముందు మలుపు తిరిగాడు.