సమయాభావం వల్ల ఒక్క చరణమే

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు తెలుగుజాతికి చేసిన ఉపకారాల్లో పాట రెండోది. మొదటిది, 1922 డిసెంబరు 4న చౌటపల్లిలో పుట్టడం. ఆ తేదీ లేకపోతే మా ఊళ్ళో శాలువాల కొట్టు ఎప్పుడో మూతపడేది.

మనకి సంగీతకారుడు బతికుండగా పెద్దగా పనికిరాడు. పుట్టినరోజొకటి, పోయినరోజొకటి చేతికొస్తే ఏడాదికి రెండు సభలు ఖాయం. పోయినరోజు ఫిబ్రవరి 11. 1974లో, 51 ఏళ్ళకే వెళ్ళిపోయారాయన. ఏటా ఆరోజు తెల్లారేసరికి నా ఫోన్ నిండా 'వర్ధంతి శుభాకాంక్షలు', పక్కన రెండు పూలు. పోయినరోజుకి శుభాకాంక్షలేమిట్రా అని మా తమ్ముడి కొడుకుని అడిగాను. "జయంతికి జయంతి శుభాకాంక్షలు, వర్ధంతికి వర్ధంతి శుభాకాంక్షలు. అంతే కదా పెదనాన్నా!" అన్నాడు. ఆయన పోయాక బయటికొచ్చిన భగవద్గీతకి మనం చేసిన మర్యాద ఇంకా గొప్పది. శవాన్ని తీసుకెళ్ళే బండికి దాన్ని హారన్ చేసుకున్నాం. వీధిలో ఆ గొంతు వినబడగానే తలుపు తీసి, "ఎవరు పోయారు?" అంటాం.

2022లో అయితే పండగే పండగ. సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు గారు కూడా అదే ఏడాది అక్టోబరు 11న పుట్టారు కాబట్టి రెండు శతజయంతులు ఒకే సీజన్లో పడ్డాయి. ఒకచోట సాలూరివారి ఫ్లెక్సీ మీద ఘంటసాల బొమ్మ వేశారు. ఇదేమిటని అడిగితే "ఇద్దరూ 1922 బ్యాచే కదండీ" అన్నాడు కుర్రాడు. అయినా ఆ బొమ్మ ఎవరిదైతే ఏముంది, అది తపాలా బిళ్ళంత. మిగతా ఫ్లెక్సీ అంతా వార్డు నాయకుడు నమస్కారం పెడుతున్నాడు.

మొన్న డిసెంబరు సభకి నన్ను 'ఆత్మీయ అతిథి'గా పిలిచారు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి సీట్లు నిండిపోయాక మిగిలేవాణ్ణి అలా అంటారు. ఆహ్వాన పత్రికలో సాయంత్రం ఆరు అని వేశారు. ఏడున్నరకి మైకు అతను 'హలో, చెక్' అన్నాడు.

ముందు జ్యోతి ప్రజ్వలన. కుందెకి ఐదు వత్తులు, వేదిక మీద పదకొండుమంది పెద్దలు. మొదటి అగ్గిపుల్ల ఫ్యాను గాలికి ఆరింది. ఫ్యాను ఆపమంటే లైట్లు పోయాయి. లైట్లు వేస్తే ఫ్యాను తిరిగింది. రెండింటికీ ఒకే స్విచ్చట. చివరికి కొవ్వొత్తి చుట్టూ ఆరు చేతులు అడ్డంపెట్టి ఎలాగో ఐదు వత్తులూ వెలిగించారు. సరిగ్గా అప్పుడే మాజీ కార్పొరేటర్ గారు వచ్చారు. ఆయనకి వత్తి లేదు! వేదిక మీద ఎవరికీ ఊపిరాడలేదు. కార్యదర్శి ముందుకు వంగి, వెలుగుతున్న వత్తి ఒకదాన్ని ఉఫ్ మని ఊది, కొవ్వొత్తి ఆయన చేతికిచ్చాడు. చప్పట్లు. ఫొటోలో సారు కళ్ళు మూసుకున్నారు అన్నాడు ఫొటోగ్రాఫర్. మళ్ళీ ఊదారు. ఈలోగా ఆ ఊదిన వత్తి తను వెలిగించినదని విశిష్ట అతిథి గారు మొహం ముడుచుకున్నారు. ఆయన తృప్తి కోసం ఇంకోటి ఊదారు. నేను లెక్కపెట్టాను. ఐదు వత్తులు ఎనిమిదిసార్లు వెలిగాయి. అధ్యక్షుల వారు మైకు దగ్గరికి వచ్చేసరికి కుందెలో నూనె అయిపోయి దీపం కొండెక్కింది. దాన్నెవరూ చూడలేదు. ఫొటో అయిపోయింది కదా.

అధ్యక్షుల వారు 45 నిమిషాలు మాట్లాడారు. ఘంటసాలతో తన అనుబంధం గురించి. 1974 నాటికి వారికి మూడేళ్ళు.

ఆరు గంటల నుంచీ పట్టుచీరలో కుదురుగా కూర్చున్న అమ్మాయిని ఎట్టకేలకి పాడమన్నారు. బాగా పాడుతోంది. పల్లవి అయింది, మొదటి చరణం అందుకుంది, చీటీ వచ్చింది. 'సమయాభావం వల్ల ఒక్క చరణమే.'

ఇక్కడ చిన్న లెక్క ఉంది, చూడండి. ఆ కాలంలో పాట నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను రికార్డు మీద పట్టాలి. పది అంగుళాల పళ్ళెం. ఒకవైపు మూడు నిమిషాల చిల్లర. ఆ ఇరుకులోనే పల్లవి, చరణాలు, నడుమ వయొలిన్లు, ఫ్లూటు అన్నీ సర్దారు మహానుభావులు. అంటే సమయాభావం సంగతి వాళ్ళెప్పుడో చూసుకున్నారండీ! మళ్ళీ మీరు కత్తెర పట్టుకోనక్కర్లేదు. అధ్యక్షుల వారి ప్రసంగాన్ని ఆ రికార్డులకెక్కిస్తే పదిహేను వైపులవుతుంది. ఎనిమిది పళ్ళేలు. ఎనిమిదో దాని వెనకవైపు ఖాళీ. ఆ అమ్మాయి పాట అక్కడ నిక్షేపంగా పట్టేది.

పాట తెగ్గానే తబలా ఆయన చెయ్యి డగ్గా మీద అలాగే ఉండిపోయింది. నాలుగింటికే వచ్చాడాయన. చిన్న సుత్తితో ఠక్ ఠక్ మని కొట్టుకుంటూ, చెవి వంచి శ్రుతి చేసుకుని, వేళ్ళకి పౌడరు రాసుకుని మూడున్నర గంటలు కూర్చున్నాడు. ఆపైన ప్రసంగాలూ విన్నాడు. వాయించింది నిమిషంన్నర. చివర్లో 'వాద్య సహకారం అందించినవారికి సత్కారం' అంటూ శాలువా కప్పారు. డబ్బుల మాటెత్తితే "పెద్దాయన పేరున సేవ కదా మాస్టారూ" అన్నాడు కార్యదర్శి. బయట ఆటో కోసం నిలబడి, మంచు పడకుండా తబలాకి ఆ శాలువాయే చుడుతూ ఆయన నాతో అన్నాడు: "ఈ ఏడు ఇది పదకొండోదండి. ఆటో అతను శాలువా తీసుకోడు కదా."

ఏ పెద్దాయన పేరున సేవ? విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో ఘంటసాల భుజాన జోలె వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, మధూకరం ఎత్తుకుని తిన్నాడు. గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారిదీ కలిగిన ఇల్లేం కాదు. ఆ జోలెలో ఆ ఊరి ఆడవాళ్ళు అన్నం పెట్టారయ్యా! శాలువా పెట్టలేదు. మీ దగ్గర ఫ్లెక్సీకి డబ్బుంది. మెమెంటోలకుంది. కార్పొరేటర్ గారి వెనకాల వచ్చిన ఇరవైమందికి బిర్యానీకి ఉంది. వాయించినవాడికి మాత్రం లేదు. సిగ్గనిపించదా? జోలె పట్టిన మనిషి పేరు చెప్పి ఇంకో కళాకారుడి చేత జోలె పట్టిస్తారా?

ఈ రోగం ఇప్పటిదీ కాదు, మన ఒక్కళ్ళదీ కాదు. తమిళనాడులో తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి ఆలనాపాలనా లేక పడి ఉంటే, గాయని బెంగుళూరు నాగరత్నమ్మ తన సొంత సొమ్ము పోసి గుడి కట్టించింది. ఏటా అక్కడ ఆయన పేరున జరిగే సంగీత ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదని ఆవిడకే చెప్పారు. నీ సొమ్ము కావాలి, నీ గొంతు వద్దు. ఆవిడ ఊరుకోలేదు, ఆడవాళ్ళని కూడగట్టి వేరే ఆరాధన చేయించింది. తబలా మాస్టార్లకి అంత ఓపికెక్కడిది, మర్నాడు ఇంకో సభ ఉంటుంది.

నా సంగతీ చెప్పాలి కదా. నేను పన్నెండు నిమిషాలు మాట్లాడాను. నాలుగు వైపులు. నాకూ శాలువా కప్పారు, కప్పించుకున్నాను.

ఫిబ్రవరి 11 సభకి మళ్ళీ పిలుపొచ్చింది. ఈసారి గౌరవ అతిథిని, ఒక మెట్టెక్కాను. వస్తాను గానీ, తబలా ఆయనకి ముందే డబ్బులిచ్చేయండి అన్నాను.

"మీరేం టెన్షన్ పడకండి సార్" అన్నాడు కార్యదర్శి. "ఈసారి పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ పెట్టేస్తున్నాం. ఆయన్ని పిలవట్లేదు."